ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు బిగించాలా, ఛాసిస్‌కు బిగించాలా?

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనబోయేవారు ఇంజిన్ శబ్దం వింటారు, ఛాసిస్ తుప్పు చూస్తారు, టైర్ల అరుగుదల తడిమి చూస్తారు. గేరుబాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె ట్రాన్స్‌ఫర్ కేసు. దాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీట లాగి లో గేరు (బండిని నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు) పడిందో లేదో చూసి ఊరుకుంటారు. ఆ పెట్టె దేనికి వేలాడుతోందో, దాని బరువును ఏ క్రాస్ మెంబర్ (ఛాసిస్‌లో అడ్డంగా వేసే దూలం) మోస్తోందో వంగి చూసేవారు తక్కువ. బండి రాళ్ల మీద ఎలా నడుస్తుంది, హైవే మీద ఎంత వణుకుతుంది, పాడైతే ఏ మెకానిక్ బాగు చేయగలడు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు చాలావరకు అక్కడే ఉంటుంది. గేరుబాక్సు మార్చాలనుకునేవారికైతే మొదట తేల్చుకోవలసిన విషయమే ఇది.

బిగింపు పద్ధతులు ముఖ్యంగా మూడు. గేరుబాక్సు వెనుక భాగానికి నేరుగా బోల్టులతో కలిపితే అది జత కేసు. గేరుబాక్సుకు దూరంగా, ఛాసిస్‌కు వేరుగా బిగించి, రెండింటినీ ఒక పొట్టి షాఫ్టుతో కలిపితే అది విడి కేసు. అసలు రెండో పెట్టే లేకుండా, గేరుబాక్సు లోపలే ఆ పళ్లచక్రాలన్నీ ఇమిడి ఉంటే అది మూడో రకం.

## మెలిని మోసేది ఎవరు?

పోల్చడానికి ముందు కొలబద్దలు కావాలి. వాటిలో మొదటిదాని మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే మౌంటింగులు (పెట్టెలను ఛాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు బిగింపులు) చిరగడానికి మూలం ఇదే.

టార్క్‌ను, అంటే తిప్పే మెలిని, పెంచే ఏ పెట్టె అయినా తాను కూడా ఎదురు దిశలో తిరగబోతుంది. దాన్ని తిరగనివ్వకుండా ఆపేవి మౌంటింగులు. ఒక చిన్న లెక్క చూద్దాం. ఇంజిన్ 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోంది. మొదటి గేరు నిష్పత్తి 3.65, ట్రాన్స్‌ఫర్ కేసు లో నిష్పత్తి 2.27 అనుకుందాం. గేరుబాక్సు నుంచి 365 న్యూటన్ మీటర్లు వస్తాయి. ట్రాన్స్‌ఫర్ కేసు దాటేసరికి అవి సుమారు 829 అవుతాయి.

విడి కేసులో ఈ రెండింటి తేడా, అంటే 464 న్యూటన్ మీటర్లు, ఆ చిన్న పెట్టె మౌంటింగుల మీదే పడుతుంది. రెండు వైపుల మౌంటింగుల మధ్య దూరం 300 మి.మీ. అయితే ఒక్కొక్కదాని మీద దాదాపు 1,550 న్యూటన్లు పడతాయి. అది 158 కిలోల బరువుతో సమానం. ఒక వైపు రబ్బరు నలుగుతుంది, మరో వైపు రబ్బరు సాగుతుంది. అదే దూరం 450 మి.మీ. అయితే ఆ భారం 105 కిలోలకు తగ్గుతుంది. నిదానంగా లాగినప్పటి లెక్క ఇది. చక్రం బండరాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదిలితే దెబ్బ ఇంతకంటే చాలా పెద్దది.

జత కేసులో ఇంజిన్, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు మూడూ ఒకే ముద్ద. మొత్తం 829 న్యూటన్ మీటర్లూ ఆ ముద్దను తిప్పబోతాయి. అయినా ఇంజిన్ మౌంటింగులు ఒకదానికొకటి బాగా ఎడంగా ఉంటాయి, రబ్బర్లూ పెద్దవి, పైగా గేరుబాక్సు కింది మౌంటింగు కూడా భారం పంచుకుంటుంది. కాబట్టి ప్రతి రబ్బరూ తట్టుకుంటుంది. అంకె పెద్దదైనంత మాత్రాన బిగింపు బలహీనమని అనుకోనక్కరలేదు. మౌంటింగుల మధ్య ఎడమే అసలు కొలత.

## షాఫ్టు పొడవు, వంపు

రెండో కొలబద్ద ప్రొపెల్లర్ షాఫ్టు (బలాన్ని యాక్సిల్‌కు చేర్చే తిరిగే కడ్డీ) వంపు. షాఫ్టు చివర ఉండే కీలు, అంటే మామూలు క్రాస్ జాయింట్, వంపులో తిరిగేటప్పుడు అవతలి వైపు వేగం సమంగా ఉండదు. ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. వంపు 10 డిగ్రీలైతే ఆ హెచ్చుతగ్గు ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలైతే ఆరు శాతానికి పైనే. షాఫ్టు రెండు చివర్లా వంపులు సమానంగా ఉండి, రెండు యోకులూ (జాయింటును పట్టుకునే చెవులు) ఒకే వరుసలో ఉంటే ఒక జాయింటు చేసిన తప్పును రెండోది సరిచేస్తుంది. ఈ సమానత్వం చెడితే వణుకు మొదలవుతుంది.

షాఫ్టు ఎంత పొట్టిదైతే వంపు అంత త్వరగా పెరుగుతుంది. సస్పెన్షన్‌ను 50 మి.మీ. ఎత్తితే 1,200 మి.మీ. షాఫ్టుకు అదనంగా వచ్చే వంపు సుమారు 2.4 డిగ్రీలు. 600 మి.మీ. షాఫ్టుకు అది 4.8 డిగ్రీలు. ట్రాన్స్‌ఫర్ కేసు ఎక్కడ కూర్చుందన్నదాన్ని బట్టే వెనుక షాఫ్టుకు ఎంత పొడవు మిగులుతుందో తేలుతుంది. బిగింపుకూ బండి ఎత్తు పెంచడానికీ ఉన్న సంబంధం ఇదే.

మిగిలిన కొలబద్దలు నూనె కారడం, విడిభాగాలు, నేలకూ పెట్టెకూ మధ్య ఎడం. వాటిని ఒక్కో రకం దగ్గరే చూద్దాం.

## జత కేసు

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సు వెనుకే అతుక్కుని ఉండేది. లాండ్ రోవర్ డిఫెండర్, టొయోటా హైలక్స్, ఫార్చ్యూనర్, మహీంద్రా థార్ అన్నీ ఈ దారినే నడిచాయి. ఈ రోజు షోరూంలో కనబడే లో గేరు ఉన్న బండ్లలో ఎక్కువ ఇవే.

దీని మొదటి మేలు, గేరుబాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ మధ్య షాఫ్టు లేకపోవడం. తిరిగే ముక్క ఒకటి తగ్గితే రెండు క్రాస్ జాయింట్లు, ఒక స్లిప్ జాయింటు (షాఫ్టు పొడవు సర్దుకోనిచ్చే జారుడు అతుకు), వాటి గ్రీజు, వాటి బ్యాలెన్సింగ్ అన్నీ తగ్గుతాయి. రెండు పెట్టెల వరుస ఎప్పుడూ చెదరదు, ఎందుకంటే ఫ్యాక్టరీలో మిల్లింగ్ చేసిన ముఖాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. హైవే మీద ప్రశాంతంగా నడవాలంటే దీనికి మించినది లేదు.

బరువు మోయడం దగ్గర దీనికి కష్టం ఉంది. అమెరికా పికప్పుల్లో వాడిన ఎన్‌పీ 205 లాంటి పోత ఇనుము కేసు ఒక్కటే 60 కిలోలు దాటుతుంది. అంత బరువు గేరుబాక్సు తోక మీద వేలాడితే, కింద మౌంటింగు సరైన చోట లేకపోయినా, రబ్బరు చచ్చిపోయినా, మధ్యనున్న అడాప్టర్ (రెండు పెట్టెలను కలిపే ముక్క) ముఖం దగ్గర పగులు వస్తుంది. కాబట్టి ఈ రకంలో క్రాస్ మెంబర్ ఎక్కడ ఉందో చూడాలి. రెండు పెట్టెలు కలిసే చోటికి దగ్గరగా ఉంటే మంచిది. గేరుబాక్సు నడుము దగ్గర ఉండి వెనుక భాగమంతా గాలిలో ఉంటే మంచిది కాదు.

రెండో కష్టం నూనెది. రెండు పెట్టెల మధ్య ఉండే సీలు అరిగితే ఒకదాని నూనె రెండోదానిలోకి చేరుతుంది. బయట చుక్క కూడా కనబడదు. ఒక పెట్టె ఎండిపోతుంది, రెండోది పొంగిపోతుంది. సర్వీసులో రెండింటి మట్టమూ ఒకే రోజు చూడాలి. ఆటోమేటిక్ గేరుబాక్సు ఎర్ర నూనె ట్రాన్స్‌ఫర్ కేసు ప్లగ్గు నుంచి కారితే, ఆ కేసుకు వేరే నూనె వాడే బండి అయినప్పుడు, ఇంకేమీ అడగనక్కరలేదు.

మూడోది, పొట్టి వీల్‌బేస్ బండికి పొడవైన గేరుబాక్సు తగిలిస్తే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరిగి వెనుక షాఫ్టు కుంచించుకుపోతుంది. దానివల్ల పెరిగే వంపు తగ్గించడానికి ఛాసిస్‌కూ క్రాస్ మెంబర్‌కూ మధ్య దిమ్మలు పెట్టి పెట్టెను దించుతారు. అప్పుడు నేలకు ఎడం తగ్గుతుంది. ఇంజిన్ కూడా వెనక్కి వాలి ఫ్యాను దాని తొడుగును తాకే ప్రమాదం ఉంది. నా దృష్టిలో ఇది మందు కాదు, నొప్పిని ఒక చోటు నుంచి మరో చోటికి జరపడమే. వెనుక షాఫ్టుకు డబుల్ కార్డన్ జాయింటు (రెండు క్రాసులు జతగా ఉండే జాయింటు) వేసి, దానికి తగ్గట్టు యాక్సిల్ ముక్కును (షాఫ్టు తగిలే చోటును) సరిచేయడం ఖర్చైనా సరైన దారి.

## విడి కేసు

మన దేశంలో ఈ రకానికి అందరికీ తెలిసిన బండి మారుతి జిప్సీ. 1985లో వచ్చి, 2019లో మామూలు కొనుగోలుదారులకు ఆగిపోయిన ఈ బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు ఎడంగా, మూడు రబ్బరు మౌంటింగుల మీద ఛాసిస్‌కు వేలాడుతుంది. రష్యా లాడా నీవా, 1967 నుంచి 1977 దాకా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-250 ఫోర్ వీల్ డ్రైవ్, యుద్ధకాలపు జీఎంసీ ఆరు చక్రాల లారీ, 2018కి ముందు తరాల మెర్సిడెస్ జీ-క్లాస్ కూడా ఇదే పద్ధతి.

పెద్ద లారీలు ఈ పద్ధతిని ఎంచుకోవడానికి కారణం స్పష్టం. ఇంజిన్ ముందు చివర ఉంటుంది, వెనుక యాక్సిల్ నాలుగు మీటర్ల దూరంలో ఉంటుంది. మధ్యలో షాఫ్టు ఎలాగూ ముక్కలుగా వేయాల్సిందే. అలాంటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసును నడుమ పెడితే రెండు వైపులా షాఫ్టుల పొడవు, వంపు అనుకూలంగా వస్తాయి. బరువు కూడా ఛాసిస్ మీదే పడుతుంది, గేరుబాక్సు తోక మీద కాదు.

గేరుబాక్సు మార్చాలనుకునేవారికి ఇది నిజంగా వరం. టూ వీల్ డ్రైవ్ బండి గేరుబాక్సు అయినా సరే, దాని వెనుక షాఫ్టు తగిలించగలిగితే చాలు. అడాప్టర్ తయారు చేయించే పని, స్ప్లైన్ల (షాఫ్టు మీది పళ్ల) లెక్క కుదుర్చుకునే పని ఉండవు. క్లచ్ ప్లేటు మార్చడానికి గేరుబాక్సు దించేటప్పుడు కూడా ట్రాన్స్‌ఫర్ కేసును కదపనక్కరలేదు.

ఇక దీని బాధలన్నీ ఆ పొట్టి షాఫ్టు చుట్టూ తిరుగుతాయి. ఇంజిన్, గేరుబాక్సు తమ రబ్బర్ల మీద తాము కదులుతాయి. ట్రాన్స్‌ఫర్ కేసు తన రబ్బర్ల మీద తాను కదులుతుంది. మధ్యలో 250 మి.మీ. షాఫ్టు ఉంటే, ఒక పెట్టె 10 మి.మీ. పక్కకు జరిగినా 2.3 డిగ్రీల వంపు చేరిపోతుంది. అందుకే విడి కేసు బండిలో వణుకు వస్తే మొదట చూడవలసింది మౌంటింగు రబ్బర్లే, తర్వాతే షాఫ్టు.

జిప్సీ విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. 1.3 లీటర్ల మోడల్ ట్రాన్స్‌ఫర్ కేసు నిష్పత్తులు హై గేరులో 1.409, లోలో 2.268. హై గేరులో కూడా వేగం తగ్గుతుందన్నమాట. కాబట్టి రోడ్డు మీద వెనుక షాఫ్టు నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంటే మధ్య షాఫ్టు 3,500కు పైగా తిరుగుతుంటుంది. బండిలో అన్నిటికంటే వేగంగా తిరిగే షాఫ్టు అదే. అయినా పొట్టిది కదా అని బ్యాలెన్సింగ్ చేయించకుండా వదిలేస్తారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల షాఫ్టు బ్యాలెన్స్ చేసే యంత్రాలు ఉంటాయి. వెనుక షాఫ్టు తీసుకెళ్లినప్పుడు దీన్నీ తీసుకెళ్లండి.

లాడా నీవా దగ్గర ఇదే సమస్య మరో రూపంలో ఉంటుంది. దానికి వేరే ఛాసిస్ లేదు, ట్రాన్స్‌ఫర్ కేసు నేరుగా బాడీ నేలకే బిగించి ఉంటుంది. వణుకు వస్తే యజమానులు బోల్టులు వదులు చేసి, పెట్టెను అటూ ఇటూ జరిపి, గేరుబాక్సుకు సూటిగా తెచ్చి మళ్లీ బిగిస్తారు. ఓపిక కావలసిన పని.

వరుస సరిచేసేటప్పుడు పూర్తిగా సున్నా డిగ్రీలకు తేవాలన్న పట్టుదల వద్దు. వంపు అసలే లేకపోతే క్రాస్ లోపలి సూది బేరింగులు దొర్లవు. ఒకే చోట నిలబడి గుంటలు చేస్తాయి. ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండటం మంచిది. షాఫ్టును స్లిప్ జాయింటు దగ్గర ఊడదీసే ముందు రెండు ముక్కల మీదా రంగుతో గీత పెట్టుకోవాలి. ఒక్క పన్ను తప్పుగా కూర్చుంటే యోకుల వరుస చెడి, కొత్త వణుకు కొని తెచ్చుకున్నట్టే.

## ఒకే పెట్టె

మెర్సిడెస్ యునిమోగ్‌లో ముందు, వెనుక యాక్సిళ్లకు బలం పంచే చక్రాలు గేరుబాక్సు పెట్టెలోనే ఉంటాయి. వరుస చెదిరే సమస్య లేదు, మధ్య సీలు లేదు, అదనపు మౌంటింగు లేదు. గట్టిదనంలో దీనికి సాటి లేదు. కానీ లోపల ఒక బేరింగ్ పోయినా మొత్తం దించాలి, మొత్తం విప్పాలి. విప్పగలిగే మెకానిక్ మీ ఊళ్లో ఉన్నాడా అన్నదే ఇక్కడ ప్రశ్న. మార్పుచేర్పులకు చోటు లేనట్టే. బండిని యథాతథంగా వాడుకునేవారికి తప్ప మిగతావారికి ఇది పోలికలోకి రాదు.

| చూడవలసినది | జత కేసు | విడి కేసు | ఒకే పెట్టె |
|---|---|---|---|
| మెలి ఎక్కడ పడుతుంది | ఇంజిన్, గేరుబాక్సు మౌంటింగులన్నిటి మీద | గేరుబాక్సు మౌంటింగుల మీద కొంత, సొంత మౌంటింగుల మీద మిగతాది | ఇంజిన్, గేరుబాక్సు మౌంటింగుల మీద |
| ముందుగా పాడయ్యేవి | మధ్య సీలు, అడాప్టర్ ముఖం | మౌంటింగు రబ్బర్లు, పొట్టి షాఫ్టు క్రాసులు | లోపలి బేరింగులు |
| హైవే మీద వణుకు | తక్కువ | వరుస సరిగా ఉంటేనే తక్కువ | చాలా తక్కువ |
| గేరుబాక్సు మార్పు | అడాప్టర్ కావాలి | సులువు | దాదాపు అసాధ్యం |
| పొట్టి వీల్‌బేస్ | గేరుబాక్సు పొట్టిదైతే బాగుంటుంది | చోటు ఇరుకు | బాగుంటుంది |
| పొడవైన లారీ | మధ్యస్థం | అన్నిటికంటే మంచిది | బండి అలా తయారైతేనే |

## మీరు ఏ కోవలో ఉన్నారు?

వారం రోజులు ఆఫీసుకు, సెలవుల్లో అడవి దారులకు ఒకే బండి వాడేవారు జత కేసు తీసుకోవడం మేలు. మీ కిలోమీటర్లలో ఎక్కువ భాగం తారు రోడ్డు మీదే. మెర్సిడెస్ కూడా 2018 జీ-క్లాస్‌లో ట్రాన్స్‌ఫర్ కేసును గేరుబాక్సుకు నేరుగా బిగించింది. దాదాపు నలభై ఏళ్లు విడి కేసుతో పేరు తెచ్చుకున్న బండి ఈ వైపు రావడం రోడ్డు నడక ఎంత ముఖ్యమైపోయిందో చెబుతోంది.

రాళ్లు, వాగులు దాటడమే ముఖ్యమనుకుని సైన్యం వేలంలోని జిప్సీ మీద కన్నేసినవారు వెనకాడనక్కరలేదు. తేలికైన బండి, సులువుగా విప్పగల కేసు, దొరికే విడిభాగాలు. మౌంటింగులను ఏటా చూసుకోవాలన్న ఒక్క షరతు మీద తీసుకోండి. లో గేరును ఇంకా లోతుగా మార్చే పళ్లచక్రాలు వేయించాలనుకుంటే మాత్రం పైన చేసిన లెక్క మళ్లీ చేయండి. లో నిష్పత్తి 4 అయితే, అదే 365 న్యూటన్ మీటర్లకు మౌంటింగుల మీద పడే మెలి 464 నుంచి 1,095కు చేరుతుంది. రెండింతలు దాటిన భారాన్ని పాత రబ్బర్లు మోయవు. చక్రాల ఖర్చుతో పాటే ఎడమైన ఉక్కు చట్రం ఖర్చు కూడా కలుపుకోవాలి.

పొలం, క్వారీ, కలప పనులకు బరువు లాగే లారీ కావాలనుకునేవారికి విడి కేసే. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

ఇంజిన్ లేదా గేరుబాక్సు మార్చాలనుకునేవారు విడి కేసు వైపు మొగ్గడం సహజం, సాంకేతికంగా సరైనది కూడా. కానీ పని మొదలుపెట్టే ముందు ఆర్టీవో కార్యాలయంలో అడగండి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని కచ్చితంగా పాటించాలని చెప్పింది. ఆర్‌సీలో నమోదు కాని మార్పుతో తిరిగితే ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర కూడా చిక్కే. సొంత ఎస్టేటులో తిరిగే బండికీ, రోడ్డెక్కే బండికీ సలహా ఒకటి కాదు.

## రబ్బరా, పాలీయురేథేనా, ఉక్కా?

విడి కేసు ఎంచుకున్నవారికి ఈ రెండో ప్రశ్న తప్పదు. కంపెనీ రబ్బరు శబ్దాన్ని మింగుతుంది, మెలికి సాగుతుంది, నూనె తగిలితే ఉబ్బి చిరుగుతుంది. పాలీయురేథేన్ బుష్‌లు కదలికను బాగా ఆపుతాయి, నూనెను తట్టుకుంటాయి, పళ్లచక్రాల ఊళను మాత్రం క్యాబిన్‌లోకి పంపుతాయి. రోజూ నడిపే బండికి కొత్త కంపెనీ రబ్బరే చాలు. లో గేరులో ఎక్కువ తిరిగే బండికి పాలీయురేథేన్ బుష్‌లున్న చట్రం మంచిది. మధ్యలో మెత్తనిదేమీ లేకుండా ఉక్కును ఉక్కుకే బిగించడం మాత్రం వద్దు. ఛాసిస్ మెలి తిరిగినప్పుడల్లా ఆ మెలి అల్యూమినియం కేసు చెవుల మీద పడి అవి విరుగుతాయి.

## డబ్బు ఇచ్చే ముందు

బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు నాలుగు వైపులా దిమ్మలు పెట్టండి. ట్రాన్స్‌ఫర్ కేసు మీట న్యూట్రల్‌లో ఉంటే గేరులో పెట్టిన బండి కూడా దొర్లుతుందని గుర్తుంచుకోండి. విల్లీస్, డిఫెండర్ లాంటి బండ్లలో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకే ఉంటుంది. వాటిలో వెనుక షాఫ్టు విప్పితే హ్యాండ్ బ్రేక్ వెనుక చక్రాలను ఆపలేదు.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు కింద చేరి రబ్బర్ల పగుళ్లు, అడాప్టర్ అంచున తడి, క్రాస్ మెంబర్ బోల్టుల చుట్టూ మెరిసే గీతలు చూడండి. మెరుపు ఉందంటే అక్కడ లోహం కదులుతోంది. ఆ తర్వాత బయటికి వచ్చి, ఫోను కెమెరాను కేసు వైపు తిప్పి నేల మీద పెట్టండి. ఒకరు లో గేరు, మొదటి గేరు వేసి, బ్రేకు నొక్కి ఉంచి, క్లచ్ కొద్దిగా వదలాలి. ఆ సమయంలో బండి కింద గానీ, ముందు గానీ, వెనుక గానీ ఎవరూ ఉండకూడదు. వీడియోలో కేసు కాస్త ఒరిగి ఆగితే ఫరవాలేదు. వేలెడంత ఎగిరితే, లేదా పక్కనున్న ఎగ్జాస్ట్ గొట్టాన్ని తాకితే మౌంటింగులు పోయినట్టే. బండి వద్దనుకోవడానికి అదొక్కటే కారణం కానక్కరలేదు. రబ్బర్లు, రెండు క్రాసులు, బ్యాలెన్సింగ్, ఒక రోజు కూలి ఎంతవుతాయో మెకానిక్‌ను అడిగి, ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమనండి.